రన్‌వే పక్కన చదువులు

తాడేపల్లిగూడెంలో నిట్ ఎక్కడని అడిగితే పాతవాళ్లు ఇప్పటికీ విమానాశ్రయం భూముల్లో అనే చెబుతారు. టికెట్టు కొని ఎక్కే విమానాల కోసం వేసిన రన్‌వే కాదది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు సైన్యం కోసం వేసుకున్నది. బర్మాను పట్టుకున్న జపాన్ బంగాళాఖాతం దాటి వస్తుందేమోనని అప్పట్లో తీరమంతా బిక్కుబిక్కుమంటూ ఉండేది.

1942 ఏప్రిల్ 6న ఆ భయం నిజమైంది. జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ల దారి పట్టారు. వాళ్లలాగే ఆంధ్ర విశ్వవిద్యాలయమూ కదిలింది. 1926లో బెజవాడలో పుట్టి, తర్వాత విశాఖ చేరిన ఆ విశ్వవిద్యాలయం ఈసారి గుంటూరుకు వలస వెళ్లి, 1946 దాకా అక్కడే తలదాచుకుంది.

ఆ వలస కాలంలో ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. మొదటి ఉపాధ్యక్షుడూ ఆయనే. ఉప్పు సత్యాగ్రహం నాటి అణచివేతను సహించలేక 1930లో పదవి వదులుకున్నారు. 1936లో మళ్లీ వచ్చారు. నమ్మిన దానికోసం కుర్చీ వదులుకున్న మనిషి చేతిలో, యుద్ధకాలంలో మన చదువులు ఉండడం మన అదృష్టమని నేను నమ్ముతాను.

సరిగ్గా అదే కాలంలో జపాన్ విద్యార్థుల గతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1877లో స్థాపించిన టోక్యో విశ్వవిద్యాలయం ఆ దేశానికి తలమానికం. 1943లో అక్కడ సాహిత్యం, న్యాయశాస్త్రం చదివేవాళ్లకు సైనిక సేవ వాయిదా రద్దయింది. అక్టోబరు 21న టోక్యోలోని మైదానంలో వేలమంది విద్యార్థులు వానలో తడుస్తూ, కాలేజీ దుస్తుల్లోనే, భుజాన తుపాకులతో కవాతు చేశారు. వాళ్లలో చాలామంది తిరిగి తరగతి గది ముఖం చూడలేదు. మన పిల్లలు చదువు కోసం ఊరు మారారు. వాళ్ల పిల్లలు చదువే వదిలి యుద్ధానికి పోయారు.

యుద్ధం ముగిసిన 1945లోనే ఏలూరులో కాలేజీ వెలిసింది. రామలింగారెడ్డి పేరు మీదే దానికి సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల అని పేరు పెట్టుకున్నారు. భీమవరంలోనూ ఆ ఏడే కాలేజీ వచ్చింది. అంతకు ముందు పై చదువు కావాలంటే బందరు నోబుల్ కాలేజీకో, రాజమండ్రికో పోవాలి. కొల్లేటి లంకల పిల్లవాడికి అది ఎంత దూరమో మైళ్ల లెక్కలో చెబితే తెలియదు. దోనెలో గట్టు చేరి, అక్కడినుంచి నడిచి ఊరు చేరేవాళ్లకు ఏలూరులో కాలేజీ అంటే ఇంట్లో దీపం పెట్టినట్టే. బియ్యం మూట ఇంటినుంచే తెచ్చుకుని, అద్దె గదిలో నలుగురు కలిసి వండుకు తింటే చదువు సాగేది.

ఇక తాడేపల్లిగూడెం సంగతి. రాష్ట్రం విడిపోయాక, 1959లో కాలేజీగా మొదలైన వరంగల్ నిట్ తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రకు కొత్త నిట్ రావాల్సి వచ్చి, 2015 ఆగస్టు 20న ఇక్కడ శంకుస్థాపన జరిగింది. సొంత భవనాలు లేచేదాకా పెదతాడేపల్లిలోని వాసవి ఇంజినీరింగ్ కాలేజీయే చోటిచ్చింది. అరువు గదుల్లో మొదలైన ఆ చదువుకు వరంగల్ నిట్టే పెద్దన్నలా అండగా నిలిచింది. సగం సీట్లు మన రాష్ట్రానివి, మిగతా సగం బయటివి. అలా ఉల్లిపాయల మార్కెట్‌కు పేరుపడ్డ ఊళ్లోకి బీహార్, రాజస్థాన్ కుర్రాళ్లు వచ్చారు. పప్పన్నంలో ఆవకాయ కలుపుకోవడం వాళ్లు నేర్చారు, రొట్టెలు అడిగితే కాదనకుండా చేసివ్వడం ఊరు నేర్చింది. చలికాలం సెలవు దొరికితే కొల్లేరు ఒడ్డున ఆటపాక వెళ్లి గూడబాతులను చూసొస్తారు.

నిట్ ప్రాంగణంలో ఒక రాతిపలక ఉండాలని నా కోరిక. బాంబులు పడ్డ 1942, విశ్వవిద్యాలయం ఇంటికి తిరిగొచ్చిన 1946, గూడెంలో పాఠాలు మొదలైన 2015, ఈ మూడు సంవత్సరాలూ దాని మీద చెక్కాలి. రన్‌వే ఎందుకు వేశారో కింద రెండు వాక్యాలు రాయాలి, తెలుగులో.