ఎర్మిటాజ్: గోడలు నిలబెట్టిన వైన్

ఫ్రాన్స్‌లో రోన్ నది ఎడమ ఒడ్డున తాన్ అనే చిన్న ఊరుంది. దాని వెనక లేచిన గుట్ట పేరు ఎర్మిటాజ్. సాగు మొత్తం కలిపినా సుమారు 340 ఎకరాలే. అయినా సిరా ద్రాక్షతో చేసే ఎర్ర వైన్లలో ఈ కొండకున్న పేరు మరో కొండకు లేదు. తియ్యటి పండు రుచి ఆశించి తాగితే ఈ వైన్ మొదట మింగుడు పడదు. మిరియం ఘాటు, నల్ల ఆలివ్ కాయ, పొగబెట్టిన మాంసం దీని లక్షణాలు. దీని చరిత్రను చాలామంది ఒక వీరుడితో మొదలుపెడతారు. గాస్పార్ ద స్తెరింబెర్గ్ అనే యోధుడు అల్బిజెన్సియన్ మతయుద్ధంలో పోరాడి, విరక్తి పుట్టి, 1224లో ఈ కొండ మీద కుటీరం వేసుకుని ద్రాక్ష నాటాడట. ఆ తీగను పర్షియాలోని షిరాజ్ నగరం నుంచి తెచ్చాడని ఇంకొందరు కలుపుతారు. ఆ యుద్ధం జరిగింది దక్షిణ ఫ్రాన్స్‌లోనే. అక్కణ్ణుంచి ఇంటికొస్తుంటే దారిలో పర్షియా ఎలా తగిలిందో మాత్రం కథ చెప్పదు.

1998లో కాలిఫోర్నియా, మోంపెల్యే పరిశోధకులు డీఎన్ఏ పరీక్షతో సిరా తల్లిదండ్రులను తేల్చారు. ఒకటి ఆర్దెష్ ప్రాంతపు దురేజా, మరొకటి సవ్వా ప్రాంతపు మోందేజ్ బ్లాంష్. రెండూ రోన్ చుట్టుపక్కలవే, రెండూ పెద్దగా పేరులేనివే. ఈ సంకరం ఎప్పుడు జరిగిందో డీఎన్ఏ చెప్పదు కదా అని అడగవచ్చు. నిజమే, చెప్పదు. కానీ ఎక్కడ జరిగి ఉంటుందన్న దానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ, రోన్ ఒడ్డున ఉన్న వియెన్ పరిసరాల్లోని అల్లోబ్రోగులనే తెగవాళ్ళ ద్రాక్ష గురించి, కీలు వాసన వేసే వారి వైన్ గురించి రాశాడు. ఆ ద్రాక్ష సిరాయే అనేవాళ్ళున్నారు. సాక్ష్యం అంత దూరం పోదు. వీరుడికి వెయ్యేళ్ళ ముందే ఈ లోయలో ద్రాక్ష పండించి వైన్ అమ్ముకునే జనం ఉన్నారని చెప్పడానికి మాత్రం అది చాలు. కొండను నిలబెట్టింది వాళ్ళూ, వాళ్ళ తరవాతి వాళ్ళూ అన్నదే నా వాదన.

ఇక్కడి సేద్యాన్ని దగ్గరగా చూస్తే ఆ మాట అర్థమవుతుంది. ఎర్మిటాజ్‌లోనూ, నదికి ఎగువన ఉన్న కోత్ రోతీలోనూ వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, మట్టి తనంతట తాను నిలవదు. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చి గోడ కట్టి, దాని వెనక రెండు మూడు వరసల తీగలు పెట్టాలి. గట్టి వానకు జారిన మట్టిని బుట్టల్లో వీపున మోసుకుంటూ మళ్ళీ పైకి చేర్చాలి. గాలికి విరగకుండా ప్రతి తీగకూ ఊతకర్ర కట్టాలి. ఇంత చేసినా పేరు వాళ్ళకు దక్కలేదు. 18, 19 శతాబ్దాల్లో బోర్డో వర్తకులు తమ పలచటి వైన్లకు బలం కోసం ఎర్మిటాజ్ కొని కలిపేవారు. 1795 నాటి లాఫిత్ అనే బోర్డో వైన్‌లో ఎర్మిటాజ్ కలిసిందనీ, ఆ యేటి వైన్లలో అదే అందరికీ నచ్చిందనీ అప్పటి వర్తకుల ఉత్తరాల్లోనే ఉంది. చెమట ఒకరిది, సీసా మీద పేరు ఇంకొకరిది.

తరవాత ఫిలోక్సెరా పురుగు వేళ్ళు తినేసింది, మొదటి ప్రపంచయుద్ధం పనివాళ్ళను మింగేసింది. మిగిలినవాళ్ళకు నది పక్క చదును నేలలో పండ్ల తోటలు, పట్టణాల్లో ఫ్యాక్టరీ జీతాలు ఎక్కువ లాభంగా కనిపించాయి. 1970ల మొదట్లో కోత్ రోతీ సాగు 70 హెక్టార్ల దాకా పడిపోయింది.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది: రుచి నేలది, వాతావరణానిది కదా, మనిషి చేసిందేముంది? 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ వైన్‌లోని ఘాటుకు రొటుండోన్ అనే పదార్థం కారణమని తేల్చారు. మన చారులో దంచి వేసే మిరియంలో ఉన్నదీ అదే. (దాని వాసన సుమారు ఐదుగురిలో ఒకరికి తెలియనే తెలియదట, వైన్ రుచి మీద పందేలు కాసేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన మాట.) చల్లటి చోట్ల పండిన ద్రాక్షలో అది ఎక్కువ. 1832లో జేమ్స్ బస్బీ యూరప్ నుంచి ఆస్ట్రేలియాకు చేర్చిన తీగల్లో సిరా కూడా ఉంది; అక్కడి బరోసా లోయ ఎండలో అదే ద్రాక్ష చిక్కగా, తియ్యటి పండు రుచితో మరోలా తయారైంది. కాబట్టి చోటుకు విలువ లేదనడం లేదు. అయితే 1970లో కూడా కోత్ రోతీలో అదే రాతి నేల, అదే గాలి, అదే ఎండ. లేనిదల్లా గోడ కట్టే చేయి, ఆ చేతికి కూలి గిట్టే ధర.

ఆ ధర తరవాత వచ్చింది. కోత్ రోతీలో గిగాల్ కుటుంబం 1966 పంట నుంచి లా మూలీన్‌ను ఒకే తోట పేరుతో విడిగా సీసాకెత్తింది. 1978లో లా లాందొన్ తోడైంది. విమర్శకులు మెచ్చారు, అమెరికా నుంచి కొనేవాళ్ళు వచ్చారు. ఇదంతా ప్రచారం ఆట అని కొట్టిపారేసేవారికి నేను చెప్పేది ఒకటే: మార్కెట్ ముందూ ఉంది, కాకపోతే డబ్బు బోర్డోకు పోయేది. ఈసారి కోత్ రోతీ కింద ఉన్న ఆంపుయి ఊళ్ళో ఆగింది. వదిలేసిన వాలులను మళ్ళీ శుభ్రం చేసి గోడలు పేర్చడానికి రైతుకు గిట్టుబాటైంది. ఇప్పుడు కోత్ రోతీ సాగు 300 హెక్టార్లు దాటింది. నిటారు వాలుల్లో ఈనాటికీ ట్రాక్టరు ఎక్కదు.