బాలగ్రహ ప్రకరణములు – శిశువుల నిద్రాభీతి

రెండు మూడేండ్ల బిడ్డ నిదురించిన రెండు మూడు గంటలలో కెవ్వుమని కేకవేసి లేచి కూర్చుండును. కన్నులు తెరచియే యుండును గాని తల్లిని గుర్తింపదు, ఎత్తుకొనబోయిన పెనగులాడును. కొంతసేపటికి తనంత తానే నిద్రలోనికి జారును. తెల్లవారిన పిమ్మట దానికి ఏమియు జ్ఞప్తి యుండదు. దీనిని మన యిండ్లలో దడుపనియు, గాలి సోకినదనియు, బాలగ్రహమనియు వ్యవహరించుట కలదు. ఈ విషయమున ప్రాచీన వైద్యగ్రంథము లేమి చెప్పినవో, వానిలో ఏది మన యాచారమున నిలిచినదో, ఏది మరుగుపడినదో పరిశీలింతుము.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున స్కందుడు, స్కందాపస్మారము, శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక, నైగమేషుడు అని 9 గ్రహములు చెప్పబడినవి. శకుని సోకిన శిశువు భయచకితుడై యుండుననియు, పూతన సోకినవానికి రేయింబవళ్లు సుఖనిద్ర యుండదనియు అందు కలదు. భాగవతకథవలన మనకు చిరపరిచితమైన పూతన ఇచ్చట వ్యాధికి పేరైనది. వాగ్భటుని అష్టాంగహృదయమున గ్రహముల సంఖ్య 12. వాని సామాన్యలక్షణములలో ఉలికిపాటు, నిద్రలేమి, రోదనము, గోళ్లతో తన్నును దాదిని గీరుట చెప్పబడినవి. వానితోడనే నోట నురుగు, పైకి నిలిచిన చూపు కూడ పేర్కొనబడినవి. మొదటివి భీతిని తలపించును. కడపటివి మూర్ఛవ్యాధిని తలపించును. భిన్నములైన రుగ్మతలు ఒకే నామము క్రింద చేరుట ఇట స్పష్టము.

ఈ ప్రకరణములందలి చికిత్స పరిషేకము, అభ్యంగము, ధూపము, ఓషధీధారణము, బలి అను క్రమమున సాగును. మన యిండ్లలో దిష్టి తీయుట, పొగ వేయుట, తాయెత్తు కట్టుట ఈ క్రమమును స్ఫురింపజేయును.

అయితే ఆ గ్రంథములందే వేరొక స్వరము కలదు. శిశుపోషణమును చెప్పు సుశ్రుత శారీరస్థాన దశమాధ్యాయము, బిడ్డను బెదరింపరాదనియు, భయపడునేమో యను శంకచే హఠాత్తుగా మేల్కొల్పరాదనియు విధించినది. చరకసంహిత శారీరస్థానాష్టమాధ్యాయము మరింత స్పష్టము: బిడ్డ ఏడ్చినను, అన్నము తినకున్నను, మాట వినకున్నను, భయపెట్టుటకై రాక్షస పిశాచ పూతనాదుల పేళ్లు ఎత్తరాదు. ఇంట దిష్టి నిలిచినది. ఈ హితవు నిలువలేదు. పగలు బూచిని పిలిచి అన్నము తినిపించు చేయియే రాత్రి దిష్టి తీయుచున్నది.

ఆధునికవిజ్ఞానము ఈ స్థితిని స్వప్నమునుండి వేరుచేసినది. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కనుగ్రుడ్లు చురుకుగా చలించు నిద్రాదశను ప్రకటించిరి. స్వప్నములు ప్రధానముగా ఆ దశకు చెందినవి. నిద్రాభీతి గాఢనిద్రనుండి అసంపూర్ణముగా మేల్కొనుటవలన కలుగునని 1968లో బ్రౌటన్ నిరూపింపబూనెను. కావుననే బిడ్డ కన్ను తెరచియు ఎరుగదు. ఈ భీతి తనంతనే శమించును గనుక, ఆ సమయమున చేసిన యే క్రియయైనను ఫలించినట్లే తోచును. ఆచారము చిరకాలము నిలుచుటకు ఇది యొక కారణమని మేము తలంతుము.

సుశ్రుతుడు ఈ నిద్రాదశల నెరిగియుండెనని చెప్పుట సాహసము. అతని వాక్యము సామాన్యనిద్రకు సంబంధించినది. కాని ఆచరణమున రెండును ఒకచోట కలియుచున్నవి: బిడ్డను కుదిపి లేపరాదు, పడిపోకుండ, దెబ్బ తగులకుండ చెంత నుండవలెను, వేళకు చాలినంత నిద్ర కలుగజేయవలెను.

పేరుల సాంకర్యమువలన కలుగు అపాయ మొక్కటి మిగిలియున్నది. కాలుసేతులు ఒకే తీరున కొట్టుకొన్నను, నోట నురుగు వచ్చినను, ఒకే రాత్రి పలుమారు మరల మరల వచ్చినను, అది దడుపని దిష్టితో కాలము పుచ్చక వైద్యుని చూపవలెను. బాలగ్రహ మను నొక్క పేరు ఈ భేదమును కప్పివేసినది. గ్రహప్రకరణములను చదువు పరిశోధకులు శారీరస్థానమును కూడ జోడించి చదివినగాని మన ప్రాచీనుల శిశువైద్యము సమగ్రముగ బోధపడదు.