ప్రకటనను దిద్దుకొనుట: జాన్సను నిఘంటు ప్రణాళిక

గ్రంథము వెలువడుటకు ముందే దాని ప్రకటన వెలువడుట కలదు. గ్రంథకర్త తన రచనను దిద్దుకొను శ్రద్ధతోనే ఆ ప్రకటనను కూడ దిద్దుకొనవచ్చును. కాని అట్లు దిద్దుకొనునప్పుడు అతడు దిద్దునది మాటలనా, లేక లోకమునకిచ్చుచున్న మాటనా? ఈ ప్రశ్నకు పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల సాహిత్య చరిత్రలో స్పష్టమైన దృష్టాంతము లభించుచున్నది.

1746లో లండను నగరపు పుస్తక విక్రేతలు కొందరు కలిసి ఆంగ్ల భాషకు సమగ్రమైన నిఘంటువును వ్రాయింపదలచి, ఆ పనికి శామ్యూల్ జాన్సనును నియోగించిరి. ఆ సంవత్సరము జూన్ 18న ఒడంబడిక కుదిరెను. ప్రతిఫలము 1,575 పౌనులు. లేఖకుల జీతములను కూడ జాన్సను అందుండియే చెల్లింపవలెను. అప్పటికి అతని వయస్సు 36 ఏండ్లు. అతనికి విశ్వవిద్యాలయ పట్టము లేదు. పత్రికలకు వ్రాసి జీవించుచుండెను. ఇంతటి వ్యయముతో వెలువడనున్న గ్రంథమునకు ఆదరణ లభింపవలెనన్నచో దాని స్వరూపమును ముందుగా లోకమునకు తెలుపక తప్పదు.

ఒడంబడికకు పూర్వమే, 1746 ఏప్రిల్ 30వ తేదీతో, జాన్సను ఒక చిత్తు ప్రతిని సిద్ధపరచెను. పదముల ఎంపిక, వర్ణక్రమము, ఉచ్చారణ, వ్యుత్పత్తి, అర్థ వివరణము, ప్రయోగములు మున్నగు విషయములలో తాననుసరింప దలచిన పద్ధతిని అందు నిరూపించెను. దీనిని పెంచి అచ్చునకీయవలసి యుండగా, విక్రేతలలో నొకడైన రాబర్ట్ డాడ్స్‌లీ దానిని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువును సంబోధించి వ్రాయుమని సూచించెను. ఆ ప్రభువు అప్పటి రాజ్య మంత్రులలో నొకడు. వాగ్వైఖరికిని నాగరకతకును పేరుపడినవాడు. గడువునకు వ్రాయజాలని తనకు ఆ సూచన ఆలస్యమునకు మంచి సాకైనదని జాన్సను తరువాత చెప్పుకొన్నట్లు అతని జీవిత చరిత్రకారుడు బాస్వెల్ వ్రాసినాడు. జాన్సను తన వ్రాతప్రతిని మిత్రుడు జాన్ టేలరునకు చదువనిచ్చెను. అది చేతులు మారి, అచ్చునకు పూర్వమే ప్రభువును చేరెను. జాన్సను సవరణలతోను చదువరుల వ్యాఖ్యలతోను కూడిన వ్రాతప్రతి నేటికిని నిలిచియున్నది.

ఇట్లు ఏడాదికి పైగా సంస్కరింపబడి, 1747 ఆగస్టులో ‘ఆంగ్ల భాషా నిఘంటు ప్రణాళిక’ వెలువడెను. విక్రేతలకై పుట్టిన వ్యవహారపత్రము గంభీరమైన సాహిత్యరచనగా మారెను. అయినను ప్రధానమైన వాగ్దానము అందు నిలిచియే యుండెను: ఈ నిఘంటువు ఉచ్చారణను స్థిరపరచును, భాషా పరిశుద్ధిని కాపాడును.

ఆ వాగ్దానము ఎంత కష్టసాధ్యమో ప్రణాళిక వెలువడిన వెంటనే జాన్సనునకు తెలియవచ్చెను. ‘గొప్ప’ అను అర్థముగల ఆంగ్ల పదమును ‘గ్రేట్’ అని పలుకవలెనని చెస్టర్‌ఫీల్డ్ చెప్పగా, ‘గ్రీట్’ అని పలుకవలెనని సర్ విలియం యంగ్ వర్తమానమంపెను. ఒకడు ప్రభువుల సభలోను, మరియొకడు సామాన్యుల సభలోను మేటి వక్తలు! ఉత్తమ వక్తలే ఏకీభవింపనప్పుడు నిఘంటుకర్త దేనిని స్థిరపరచును?

పని మూడేండ్లలో ముగియునని జాన్సను తలచెను. ఒడంబడిక నాటి నుండి దాదాపు తొమ్మిదేండ్లు పట్టెను. పూర్వ కవుల, పండితుల గ్రంథములను చదివి, గుర్తుపెట్టి, వాక్యములను లేఖకులచే ఎత్తివ్రాయించెను. 1755 ఏప్రిల్ 15న నిఘంటువు రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. అందు 42,000కు పైగా పదములును, సుమారు 1,14,000 ఉదాహరణములును కలవు. ఈలోగా ప్రణాళిక చూపిన పోషకత్వము కూడ శూన్యమైపోయెను. 1754 చివర చెస్టర్‌ఫీల్డ్ నిఘంటువును శ్లాఘించుచు ఒక పత్రికలో రెండు వ్యాసములు వ్రాయగా, అక్కర తీరిన తరువాత వచ్చిన ఆ ఆదరణను 1755 ఫిబ్రవరి 7 నాటి లేఖలో జాన్సను నిరాకరించెను.

నిఘంటువు పీఠికలో అతడు తన ప్రకటనను మరల దిద్దినాడు. భాషను స్థిరపరుపగలనని తానును కొంతకాలము భ్రమపడితిననియు, ఆ యాశకు యుక్తియు అనుభవమును తోడు రావనియు ఒప్పుకొనెను. మనుష్యుల వలెనే మాటలును పుట్టి, మారి, నశించుననియు, వాటిని చెడకుండ నిలుపగలనను నిఘంటుకర్త నవ్వులపాలగుననియు అంగీకరించెను. కొనుగోలుదారుని చేతికి వచ్చిన గ్రంథపు మొదటి పుటలలోనే ఈ యొప్పుకోలు కలదు. వెల 4 పౌనుల 10 షిల్లింగులైన గ్రంథమున ఇట్లు వ్రాయుటకు ధైర్యము కావలెను.

1759లో జాన్సను ప్రకటనలను గూర్చియే ఒక వ్యాసము వ్రాసి, పెద్ద వాగ్దానములతో సరకులమ్ము పత్రికా ప్రకటనలను పరిహసించెను. పెద్ద వాగ్దానమొకటి స్వయముగా చేసి, దానిని స్వయముగా ఉపసంహరించుకొన్నవాని పరిహాసమది.

ప్రణాళికకు మిత్రుడు, విక్రేత, ప్రభువు అను మువ్వురి దృష్టియు తగిలెను. దాని మాటలు దిద్దుకొనుటకు ఏడాది చాలినది. అందలి మాటను దిద్దుటకు మాత్రము నిఘంటువు పూర్తియగు వరకు, దానిని వ్రాసిన చేయియే వేచియుండవలసి వచ్చెను.