నార మిల్లుకి, కాయ మేకకి

సూపర్ మార్కెట్లో ‘ఫ్రూట్ టీ’ అని అమ్మే పెట్టెల మీద స్ట్రాబెర్రీలు, రాస్ప్‌బెర్రీలు నిగనిగలాడుతుంటాయి. పెట్టె తిరగేసి సన్నక్షరాలు చదివితే, చాలాసార్లు మొదట కనిపించే పేరు ఆ పండ్లది కాదు, హైబిస్కస్‌ది. మందారమేమో అనుకుని ఊరుకుంటాం. కానీ అది హైబిస్కస్ సబ్డరిఫా, అంటే అచ్చంగా మన ఎర్ర గోంగూర. ఆ టీ గ్లాసులో ఎరుపూ పులుపూ ఎక్కువగా గోంగూర కాయ పెట్టిన భిక్షే, పెట్టె మీది పండ్ల వంతు చాలావరకు వాసనే. అమెరికాలో 1972లో వచ్చి పేరు మోసిన ‘రెడ్ జింగర్’కి ఆ రంగు తెచ్చిందీ ఇదే.

ఈ సంగతి తెలిసిన రోజున నేను పొందిన సంబరం ఇంతా అంతా కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోంగూర తెలియని వంటిల్లు లేదు, గోగు నార తెలియని పాతకాలపు పశువుల శాల లేదు. అలాంటి చోట ఆ కాయతో చల్లని టీ చేసుకున్న ఇల్లు మాత్రం నాకింతవరకు తగల్లేదు. ఎందుకిలా జరిగిందో చూద్దామని బయల్దేరితే దారి ఎక్కడెక్కడికో పోయింది.

ముందు కాయ సంగతి. గోంగూర పువ్వు లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు. పూట గడిచేసరికి వాడిపోతుంది. పువ్వు రాలాక కింది రక్షక పత్రాలు దళసరెక్కి, గింజల కాయ చుట్టూ ఎర్రటి గుప్పిటలా మూసుకుంటాయి. లోకం తాగేది ఆ రేకుల రసం. ఈజిప్టు, సూడాన్ దేశాల్లో దాని పేరు కర్కదే. సెనెగల్‌లో బిస్సాప్. మెక్సికోలో ‘హమైకా నీళ్లు’, హమైకా అంటే జమైకా. ఆ జమైకాలోనేమో సారెల్ అంటారు, అల్లం వేసి క్రిస్మస్‌కి తాగుతారు. అన్నిచోట్లా పద్ధతి దాదాపు ఒకటే: ఎండిన రేకులు నీళ్లలో ఊరబెట్టు, వడకట్టు, తీపి కలుపు, చల్లార్చు.

పుట్టిల్లు ఎక్కడన్న దాని మీద తగాదా ఉంది. పాత వృక్షశాస్త్రజ్ఞులు ఇండియా నుంచి మలయా దాకా అన్నారు, తర్వాతివాళ్లు ఆఫ్రికా వైపు మొగ్గారు. 1576లో లోబెలియస్ అనే యూరోపియన్ పండితుడు ఈ మొక్క గురించి రాశాడు, జావాలో దీని ఆకు తింటారని 1687లో నమోదైంది. ఆకు గురించి మనకు జావా వాళ్లు చెప్పక్కర్లేదనుకోండి. బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికన్ల వెంట గింజలు అట్లాంటిక్ దాటాయంటారు. 1707 నాటికి జమైకాలో మొక్క ఉంది. అక్కడి నుంచి నేను నేరుగా 1890లకు దూకుతాను, నాకు మహా ఇష్టమైన కాలం అది.

1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి నాటకంగా ఆడారు. అదే ఏడు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గోంగూర కాయ జాము చేసే ఫ్యాక్టరీలు రెండు నడుస్తున్నాయి, జాము యూరప్‌కి ఎగుమతి అవుతోంది. ఈ ముక్క ఆ నాటకంలోని గిరీశం చెవిన పడి ఉంటే శిష్యుడు వెంకటేశానికి దీని మీదా ఒక లెక్చరు దంచేవాడు. 1899లో జె.ఎన్. రోజ్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు మెక్సికోలోని గ్వాదలహారా సంతలో ఎండు గోంగూర కాయలు పెద్ద పెద్ద బుట్టల నిండా చూశాడు.

దాదాపు ఆ రోజుల్లోనే అమెరికాలో టీ చల్లబడుతోంది. 1876లో ఒక వంటల పుస్తకంలో, 1877లో వర్జీనియా గృహిణి మారియన్ కాబెల్ టైరీ కూర్చిన మరో పుస్తకంలో ఐస్ టీ చేసే విధానం అచ్చయింది. టైరీ గారిది గ్రీన్ టీ. పొద్దున్నే కాచి పక్కన పెట్టుకుని, రాత్రి భోజనం వేళ ఐసు ముక్కలు, పంచదార, నిమ్మరసం కలపమంటారావిడ. 1890లో మిస్సోరీ రాష్ట్రం నెవాడా పట్నంలో దక్షిణాది పక్షాన అంతర్యుద్ధం చేసిన మాజీ సైనికుల సంబరం జరిగితే వడ్డన లెక్క పేపర్లో పడింది: కాఫీ 2,220 గ్యాలన్లు, ఐస్ టీ 880 గ్యాలన్లు, పచ్చళ్లు 60 గ్యాలన్లు, బండెడు బంగాళాదుంపలు. మన పెళ్లి వంటల మేస్త్రీ లెక్క చెప్పినట్టే ఉంటుంది, అందుకే నాకది ముచ్చట.

ఇక 1904. సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన. భారత తేయాకు తోటల యజమానుల తరఫున రిచర్డ్ బ్లెచిండెన్ అనే కమిషనర్ వేడి వేడి టీ పట్టుకుని నిలబడ్డాడు. బయట ఎండ మాడ్చేస్తోంది, ఉచితంగా ఇస్తానన్నా తాగే నాథుడు లేడు. ఆయన విసిగి, ఐసులో ముంచిన సీసపు గొట్టాల గుండా టీని పారించాడట, జనం విరగబడ్డారట, ఐస్ టీ పుట్టిందట. పైన చెప్పిన తేదీలు చూస్తే ఇది కట్టుకథని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఆ ప్రదర్శనలోనే ఇంకొందరు ఐస్ టీ అమ్ముతున్నారు కూడా. ఆయన చేసిందల్లా చైనా, జపాన్ గ్రీన్ టీకి అలవాటుపడ్డ జనానికి ఇండియా నల్ల టీని చల్లగా పట్టించడమే. అయినా నాకు కథే ఇష్టం. మన దేశపు ఆకును అమ్ముకోవడానికి అమెరికా ఎండలో ఐసు వెతుక్కున్నవాడు, మన ఎండలో మాత్రం వేడి టీయే మిగిల్చాడు.

ఐసు మనకు అందనిదేం కాదు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో ‘టస్కనీ’ ఓడ మీద 180 టన్నుల చెరువు ఐసును కలకత్తా పంపితే, నాలుగు నెలల ప్రయాణం చేసి 100 టన్నుల దాకా చేరింది. 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. తర్వాత అది చేతులు మారింది, 1897లో వివేకానందుడు ఆ ఇంట్లోనే బస చేశాడు. ఇప్పుడు దాని పేరూ ఆయనదే. అటు కలకత్తా, ఇటు మద్రాసు, మధ్యలో మన తీరం. దొరల గ్లాసుల్లోని ఆ ఐసు మన పల్లెల్లో ఎవరు చూశారు గనక? శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఇక్కడ ఐసన్న మాటకి చేపల పెట్టె, పుల్లైసు బండి గుర్తొస్తాయి తప్ప టీ గ్లాసు గుర్తురాదు.

మన తీరం మాత్రం గోగుతో పేరు తెచ్చుకుంది, నారతో. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కిన గోగు నారకు ప్రపంచ బజారులో ‘బిమ్లిపటమ్ జూట్’ అనే పేరు స్థిరపడిపోయింది. గోగులో రెండు జాతులున్నాయి, ఒకటి గోంగూర జాతి, రెండోది దాని దాయాది. వ్యాపారులకు ఆ తేడా పట్టలేదు. నెల్లిమర్లలో, చిట్టివలసలో, ఇంకా చాలాచోట్ల జూట్ మిల్లులు లేచాయి. 1947లో దేశం చీలి, జనపనార పండే పొలాలు చాలావరకు తూర్పు పాకిస్తాన్‌కి పోయి, మిల్లులు హుగ్లీ ఒడ్డున మిగిలేసరికి గోగుకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీద పనిచేసి ఏఎంవీ పేరుతో రకాలు విడుదల చేసింది. ఏఎంవీ అంటే ఆమదాలవలసే.

చిక్కు ఇక్కడుంది. నార గోగు వేరు, కాయ గోగు వేరు. నార రకం కొమ్మల్లేకుండా నిటారుగా మనిషి కన్నా రెండింతలు పెరుగుతుంది. దాని రేకులు చిన్నవి, పీచు, నోట పెట్టుకోవడానికి పనికిరావు. దాన్ని ప్రత్యేక రకంగా గుర్తించి పేరు పెట్టిన పి.జె. వెస్టరే ఫిలిప్పీన్స్‌లో కూర్చుని రికో, విక్టర్, ఆర్చర్ అనే మూడు కాయ రకాలను వేసుకోమని రైతులకు చెప్పాడు. మన వైపు రెండో సగం చెప్పినవాళ్లు లేకపోయారు. పైగా నార మెత్తగా రావాలంటే పొలంలో సగం మొక్కలు పూతకొచ్చేసరికి కోసెయ్యాలి. కట్టలు కట్టి చెరువులో ముంచి, పైన బరువు పెట్టి, కుళ్లబెట్టి నార తియ్యాలి. చెరువు గట్టున ఆ వాసన ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అంటే కాయ కట్టే దాకా మొక్క బతకదు. బతికేది విత్తనానికి వదిలిన మూలన మాత్రమే.

ఆమదాలవలస దగ్గర గోగు వేసే ఒక పెద్దాయన్ని అడిగాను, కాయల్ని ఏం చేస్తారని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఏటి బాబూ, గోగుకాయల్తో టీ కాస్తారేటి? మాం నారకే ఏసినాం గానీ కాయలకెవులేస్తారు? విత్తనం తీసీసి తొక్కలు ఒగ్గీస్తాం. మేకలు తింతాయి” అన్నాడు. ఇంత సూటిగా ఆర్థిక చరిత్ర చెప్పినవాళ్లు నాకు తక్కువ.

పంట ఎవరి కోసం వేశామో, మొక్కలో ఏ భాగానికి రుచి ఉందో వాళ్లే తేల్చారు. పలాస, ఉద్దానం తోటల్లో ఇదే వరస. జీడిగింజ ఫ్యాక్టరీకి పోతుంది, రసమూరే జీడిమామిడి పండు చాలావరకు చెట్టుకిందే కుళ్లుతుంది. ఇప్పుడు గోగు మిల్లుల్లోనూ దీపాలు తగ్గిపోయాయి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ప్లాస్టిక్ సంచి వచ్చి, ఊరబెట్టడానికి చెరువు నీళ్లూ మనుషులూ కరువై, గోగు సాగు సన్నగిల్లింది. నార పోయింది, కాయ ఎప్పుడూ మనది కాలేదు. రెండూ పోగొట్టుకున్నవాళ్లం మనం. ఇది నాకు కష్టంగానే ఉంటుంది.

టీ మన ఇళ్లకు వచ్చిన తీరు కూడా గోంగూరకి కలిసిరాలేదు. ఎగుమతయ్యే తేయాకు మీద 1903లో సెస్సు వేసి ప్రచారానికి డబ్బు కూడబెట్టారు. 1930ల మాంద్యంలో విదేశీ గిరాకీ పడిపోయాక ఆ ప్రచారం మన రైల్వే స్టేషన్ల మీద, సంతల మీద పడింది. దాదాపు అప్పుడే అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ సీటీసీ యంత్రం తయారుచేశాడు. ఆకును చిదిమి, చింపి, ఉండలు చుట్టే ఆ యంత్రం నుంచి వచ్చే గుండ్రటి పొడి చిక్కగా దిగుతుంది, పాలు పోసినా లొంగదు. మనం పాల టీ జనం అయిపోయాం. పాలలో గోంగూర రేకు పడితే విరిగి ఊరుకుంటుంది. పులుపుకీ పాలకీ పడదు కాబట్టి, పండుకీ మన టీకీ పడలేదు. వేసవి దాహానికి మన దగ్గర వేరే దారులున్నాయి లెండి: మజ్జిగ తేట, గోలీ సోడా, రామతీర్థంలో నవమి నాటి మిరియాల పానకం. నిజానికి పానకానికి దగ్గరి చుట్టం ఈ ఎర్ర టీయే.

చేసుకోవడం తేలిక. కోసిన కాయ తొడిమ దగ్గర కత్తితో చుట్టూ గాటు పెట్టి, వెనక నుంచి వేలితో నొక్కితే గింజల కాయ పూర్తిగా బయటికి వచ్చేస్తుంది, చేతిలో ఎర్రటి రేకుల గిన్నె మిగులుతుంది. ఎండితే తూకంలో పదో వంతు అవుతుంది. లీటరు నీళ్లు స్టీలు గిన్నెలో మరిగించి, పొయ్యి ఆర్పి, గుప్పెడు ఎండు రేకులు వేసి పది నిమిషాలు మూత పెట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఈ పులుపుకి తట్టుకోదు. టీ రుచి కావాలంటే టీ వేరుగా, తేలిగ్గా దించుకుని కలపండి. చిక్కటి సీటీసీ డికాక్షన్ని వేడి మీద ఫ్రిజ్‌లో పెడితే అందులోని కెఫీనూ వగరు పదార్థాలూ ఒకదాన్నొకటి పట్టుకుని గ్లాసు మబ్బు పడుతుంది. బయటే చల్లారనిచ్చి తర్వాత ఐసు వెయ్యాలి. అప్పటికీ మబ్బు పడితే కాసిన్ని వేడినీళ్లు పోస్తే తేటపడుతుంది.

పంచదార వేస్తే రంగు నిలుస్తుంది. తాటిబెల్లం వేస్తే రుచి హెచ్చుతుంది గానీ రంగు మట్టిపాలు. సీతంపేట అనాస ముక్కలు నాలుగు నలిపి వేస్తే దీనికి మించిన జోడీ లేదు. సువర్ణరేఖ మామిడి రసం కూడా ప్రయత్నించవచ్చు, కాకపోతే చిక్కబడుతుంది. నా ఓటు అనాసకే. పిల్లలుంటే చివర్లో ఒక చెంచా టీ పక్కకి తీసి చిటికెడు వంట సోడా వెయ్యండి, ఎరుపు చూస్తుండగానే నీలిపచ్చగా తిరుగుతుంది. బీపీ మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే గ్లాసు పట్టుకోవాలి. కిడ్నీ జబ్బులతో నలిగే ఉద్దానం ఉన్న జిల్లాలో ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఈ మొక్క పగలు కురచయ్యాకే పూస్తుంది. అందుకే ఎప్పుడు నాటినా కాయ దాదాపు కార్తీక మార్గశిరాల్లోనే, పూత మొదలైన మూడు వారాలకి. వేసవిలో తాగాలంటే చలికాలంలో ఎండబెట్టుకోవాల్సిందే. కాబట్టి ఈసారి పెరట్లో ఎర్ర గోంగూర వేసినవాళ్లు పచ్చడి కోసం అన్ని మొక్కలూ దూసెయ్యకండి. కండగల కాయ కాసే రకం రెండు మొక్కల్ని పూతకి వదిలెయ్యండి. కాయ లేతగా, గోరు దిగేలా ఉన్నప్పుడే కోసి, ఆ రోజే గింజ తీసి ఎండలో పరవండి, మర్నాటికి ఉంచితే బూజు పడుతుంది.