పటము వెల, పలక వెల



మన యిండ్లలో నడవ గోడకు వ్రేలాడు పెద్దల పటములను మీరందరు నెరుగుదురు. ఆ పటమునకు నాడెంత వెల యిచ్చితిరని యడిగిన చెప్పగల వృద్ధులు ఊరికి నలుగురైన నుందురు. ఆ వెల దేని కిచ్చితిరని యడిగినచో, పటమునకే కదా యందురు. ఆ యుత్తరము సగము మాత్రమే నిజము. తక్కిన సగము బేరములో నెట్లు మరుగుపడెనో మనవి చేయుదును.

ఫ్రాన్సు దేశమున డాగేరు అను నతడు కనిపెట్టిన ఛాయాచిత్రణ విధానము 1839వ సంవత్సరమున లోకమునకు వెల్లడి యాయెను. వెండిపూత పూసిన రాగిరేకుపై బింబము నిలుచుట ఆ పద్ధతి. రేకు ఒక్కటి, పటము ఒక్కటి. దానికి మారుప్రతి లేదు. కావున ఆనాడు వెల విషయమున చిక్కేమియు లేకుండెను. సొమ్మిచ్చినవాడు రేకు నింటికి గొనిపోయెడివాడు.

1851లో ఆర్చరు అను ఆంగ్లేయుడు గాజుపలకపై తడిమందు పూసి బింబమును పట్టు విధానమును ప్రకటించెను. చిక్కిచ్చటనే పుట్టినది. పలక యొకటి సిద్ధమైన పిమ్మట దానినుండి కాగితముపై ఎన్ని ప్రతులైన తీయవచ్చును. శ్రమ యంతయు మొదటి దానికే. మందు పూయుట, అది యారకమునుపే బింబమును పట్టుట, చీకటిగదిలో కడుగుట, ఇవన్నియు పలకకు జరుగు సేవలు. రెండవ ప్రతికిని, పదియవ ప్రతికిని కావలసినది మందుకాగితము, ఎండ, కొంత యోపిక. ఆ దినములలో కూర్చున్నవారు కదలకుండుటకై తల వెనుక ఇనుపకొక్కెము నిలుపుటయు గలదు. మన తాతలు పటములలో కోపముగా కనబడుటకు స్వభావ మొక్కటే కారణము కాదు!

ఈ లెక్కను వ్యాపారముగా మార్చినవాడు పారిసు నగరమున డిస్డేరి. అతడు 1854లో ఒకే పలకపై అనేక చిన్న బింబములను పట్టు పద్ధతికి పేటెంటు పొందెను. సాధారణముగా పలకకు ఎనిమిది బింబములు వచ్చెడివి. వానిని కత్తిరించి, సుమారు రెండున్నర అంగుళముల వెడల్పు, నాలుగంగుళముల పొడవు గల అట్టలపై అంటించి యిచ్చెడివాడు. ఒక పటమునకు ఏబది మొదలు నూరు ఫ్రాంకుల వరకు అడుగుచున్న కాలమున, ఇతడు పండ్రెండింటిని ఇరువది ఫ్రాంకులకే యిచ్చెనని చరిత్రకారులు వ్రాసిరి. డజను, అరడజను అను లెక్క ఛాయాచిత్రపు అంగడికి అలవాటైనది ఇట్లే. 1866 ప్రాంతమున క్యాబినెట్ అను పెద్ద అట్ట వచ్చెను. ఆ పిమ్మట పరిమాణమును, ప్రతుల సంఖ్యను చెప్పినచో వెల చెప్పినట్లే యాయెను. పలక మాట ఆ పట్టికలో ఎక్కలేదు.

ఇచ్చట చిన్న ముచ్చట. ఆనాటి కాగితమునకు పూసినది కోడిగ్రుడ్డు తెల్లసొన. మడికట్టుకొను ఇండ్లలో ఎన్ని యిట్టి పటములు పూజగదికి చేరెనో ఆ పరమేశ్వరునికే తెలియవలెను!

మన తెలుగునాట ఈ విద్య ఎంతటి గౌరవమందెనో తెలియుటకు సికిందరాబాదు చూడవలెను. లాలా దీనదయాళుడు 1844లో మీరటు దాపున సర్ధనా యందు జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువు చేసి, పిదప సికిందరాబాదున స్టూడియో నెలకొల్పెను. ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ఆదరించి, ముసవ్విర్ జంగ్ బహదూరు అను బిరుదు నొసగెను. 1892లో హైదరాబాదున గోషా స్త్రీలకై ఎత్తైన గోడల నడుమ ప్రత్యేకమైన స్టూడియో తెరచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ దొరసానికి అప్పగించెను. పరపురుషుని యెదుట కూర్చుండని యిల్లాండ్రకు ఆ గోడలే అసలు సదుపాయము. ఏ వస్తువునకైన గిరాకి తెలిసి యమర్చుట యన నిదియే.

అయితే నేనాయనకు నమస్కరించునది వేరొక గుణమునకు. ఆయన పలకలపై సంఖ్యలు వేయించి, వరుస తప్పక భద్రపరచెడివాడు. 1905లో ఆయన గతించెను. ఎనుబది నాలుగేండ్లకు, 1989లో, ఆ సంస్థ పలకలలో రెండువేల ఎనిమిదివందలకు పైబడినవి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. కాగితము చెడినను పలక యున్నంతకాలము ఆ ముఖములు మరల వెలుగు చూడగలవు.

ఇక మా యింటి సంగతి. మా అచ్యుతాపురమున స్టూడియో లేని రోజులవి. 1972లో మా తండ్రిగారు అనకాపల్లిలో బెల్లమమ్మిన సొమ్ముతో మమ్మందరిని బండిలో తీసికొనిపోయి, పట్టణములో నొక స్టూడియోలో కుటుంబ పటము తీయించిరి. రసీదు చాలకాలము మా పెట్టెలో నుండెను. అందు “గ్రూపు పటము ఒకటి, క్యాబినెట్ సైజు, ప్రతులు మూడు, పండ్రెండు రూపాయలు” అని యుండెను. ఒక ప్రతి మేనత్తగారికి, ఒకటి మేనమామగారికి, ఒకటి మాకు. మా తండ్రిగారు మరల ఏనాడును కెమెరా యెదుట కూర్చుండలేదు. 1983లో వారు స్వర్గస్థులైన పిమ్మట చూతుము గదా, మా ప్రతిని చెదలు తినివేసినవి. తక్కిన రెండింటి జాడ లేదు. స్టూడియోకు పరుగెత్తితిని. పాత ఫిలుములను వెండి తీయువారికి తూకమున కమ్మివేసితిమని చెప్పిరి. వారిని నిందించి లాభమేమి? ఫిలుము మాదని రసీదులో లేదు. దాచెదమనియు లేదు. మా అమ్మగారు ఆ మాట విని, “పోనీలేరా, నాకు గుర్తే గదా” అనిరి. ఆమె పోయిన పిమ్మట ఆ ముఖము నెరిగినవారము మేము ముగ్గురమే మిగిలితిమి.

1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము, వెల యిచ్చి కోరి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు, వేరొడంబడిక లేనిచో, తీయించుకొనినవాడే ఆ హక్కునకు తొలి యజమాని. ఆ నియమమును పిదప తెలిసికొంటిని. కాని బింబముపై హక్కు వేరు, ఫిలుమును దాచు బాధ్యత వేరు. హక్కు పత్రము చేత నుండి వస్తువు కరగిపోయిన, కోర్టు ఆ ముఖము నెచ్చటనుండి తెచ్చి యిచ్చును?

గత సంవత్సరము మా రెండవ అమ్మాయి వివాహమునకు ఒక యువకుడు ప్యాకేజీల పట్టిక తెచ్చెను. క్యాండిడ్ చిత్రములు, డ్రోను, పండ్రెండు-ముప్పదియారు అంగుళముల కరిజ్మా ఆల్బము, ఇన్ని షీట్లు, ఇన్ని వీడియోలు అని మూడు వరుసలు, మూడు ధరలు. అచ్చు ముచ్చటగా నుండెను. చివరి వరకు చదివి, “అసలు చిత్రము లెవరివి నాయనా? ఎంతకాలము దాచెదవు?” అంటిని. అతడు తల గోకికొని, “మేష్టారూ, ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదండి. డిస్కు నిండిపోతే చెరిపేస్తామండి” అనెను. అబద్ధమాడలేదు, సంతోషించితిని. పట్టిక అడుగున నా కలముతోనే ఒక పంక్తి చేర్చితిని: “అసలు చిత్రములన్నియు రెండు డిస్కులలో ఇయ్యవలెను.” డిస్కుల వెల వేరుగా కట్టెను. డ్రోను మానిపించి ఆ సొమ్మిచ్చితిని. ఒక డిస్కు మా యింట నున్నది, రెండవది వియ్యంకులవారింట నున్నది.