పిడి ఉన్న గడియారం

గడియారానికి పిడి ఎందుకా అనుకున్నాను, మొదటిసారి పుస్తకంలో బ్రాకెట్ గడియారం బొమ్మ చూసినప్పుడు. లండన్‌లో 1658లో ఫ్రొమాంటీల్ అనే ఆయన లోలకం గడియారాలు అమ్ముతానని పత్రికలో ప్రకటన వేశాడు. తరవాత మేజా మీదో, గోడకి కొట్టిన చిన్నబల్ల మీదో పెట్టుకునే ఈ చెక్కపెట్టె గడియారాలు వాడుకలోకి వచ్చాయి. ఖరీదు చూస్తే ఇంటికి ఒక్కటుంటేనే గొప్ప! అందుకే పగలు ముందుగదిలోకీ, రాత్రి పడగ్గదిలోకీ పిడి పట్టుకుని మోసుకుపోయేవారు.

లోపల ఉండేది స్ప్రింగు. కీ ఇచ్చిన కొత్తలో బలంగా లాగుతుంది, పోనుపోను నీరసిస్తుంది. ఆ తేడా సరిచెయ్యడానికి శంఖంలాంటి ఇత్తడి చక్రానికి పేగుతాడు చుట్టేవారు. 1680ల నాటికి కొన్నిటికి పక్కన ఒక దారం కూడా వేలాడేది. అర్ధరాత్రి దీపం వెలిగించకుండా దాన్ని లాగితే చాలు, ఎన్ని గంటలైందో గంట కొట్టి చెప్పేస్తుంది. దాని విలువ పసిపిల్లల తల్లులకి నేను చెప్పాలా?

నా మనసు మాత్రం ఆ పెట్టె మీదే. ఓక్ చట్రం మీద నల్లని ఎబొనీ కర్రని పల్చటి రేకుల్లా కోసి, జిగురుతో అతికేవారు. వెనకవైపు కూడా అద్దాల తలుపే, ఇత్తడి పలక మీద చెక్కిన పూలతీగలు కనబడొద్దూ మరి! ముఖాన ఉండేది మాత్రం గడియారం చేసినాయన పేరొక్కటే. వాళ్లలో మేటి థామస్ టాంపియన్‌ని 1713లో వెస్ట్‌మినిస్టర్ ఏబీలో సమాధి చేశారు. ఆ పెట్టెలు చేసిన వడ్రంగుల పేర్లు, పాపం, చాలామటుకు ఎవరికీ తెలియవు. పిడి బిగించింది వాళ్ల పెట్టెకే.