ఐదు పాయింట్లకు పదమూడేళ్లు

లండన్‌కు ఆగ్నేయాన కెంట్ ప్రాంతంలో బ్రాండ్స్ హ్యాచ్ అనే రేసు ట్రాక్ ఉంది. స్టార్ట్ లైను దాటగానే వచ్చే మొదటి మలుపును ప్యాడక్ హిల్ అంటారు. కుడికి తిరిగే ఆ మలుపులో రోడ్డు ఉన్నట్టుండి పల్లానికి జారిపోతుంది. ఫార్ములా త్రీ కారులో డ్రైవరు దాదాపు వెల్లకిలా పడుకుని కూర్చుంటాడు. కళ్లు ముందు చక్రాల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే మలుపు దగ్గర రోడ్డు కనపడదు, ఆకాశమే కనపడుతుంది. కనపడని రోడ్డు మీదికి స్టీరింగు ముందే తిప్పెయ్యాలి. కారు ముక్కు కిందికి దిగుతుంది, జాతరలో జయింట్ వీల్ దిగేటప్పుడు లాగ కడుపులో ఖాళీ అయిపోతుంది. పల్లం అడుగుకు చేరీ చేరగానే ఒళ్లంతా సీటులోకి అణిగిపోతుంది. ఊపిరి తీసుకునేలోపే మళ్లీ ఎత్తు, ఆ పైన డ్రూయిడ్స్ అనే హెయిర్‌పిన్ మలుపు.

1999లో ఆ ట్రాక్ మీద బ్రిటిష్ ఫార్ములా త్రీ పోటీల్లో ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒకడు రెండు రేసులు గెలిచాడు. అతని జట్టు పేరు కార్లిన్. తర్వాతి కాలంలో ఫార్ములా వన్‌కు డజన్లకొద్దీ డ్రైవర్లను తయారుచేసి పంపిన జట్టు అది. ఆ జట్టుకు ఫార్ములా త్రీలో తొలి గెలుపు తెచ్చినవాడు మన దక్షిణాది వాడు, కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్.

కోయంబత్తూరు అనగానే మనకు పంపుసెట్లు, నూలు మిల్లులు గుర్తొస్తాయి. ఆ మిల్లులు, వర్క్‌షాపులు నిలబెట్టినవాళ్లలో తరతరాల కిందట అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, చేతిలో స్పానరు. 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన జి.డి. నాయుడు ఆ వరసలోవారే. నరైన్ పుట్టింది మద్రాసులో, 1977 సంక్రాంతి రోజుల్లో, జనవరి 14న. పెరిగింది కోయంబత్తూరులో. నాన్న జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ చాంపియన్. సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచిన మనిషి. అలాంటి ఇంట్లో పిల్లాడు స్టీరింగు పట్టుకుంటానంటే ఎవరు వద్దంటారు?

అయితే నాన్న ఒక్కడి వల్లే అయ్యే పని కాదది. ఇక్కడ ఇంకో పేరు చెప్పకపోతే పాపం. సుందరం కరివర్ధన్, అదే ఊరి లక్ష్మీ మిల్స్ కుటుంబీకుడు. విదేశీ రేసు కారు తెప్పించుకోవడం అసాధ్యమైన రోజుల్లో ఆయనకో ఆలోచన వచ్చింది. వీధివీధికీ ఉన్న మారుతి 800 ఇంజను తీసి, ఒంటి సీటు రేసు కారులో బిగించాడు. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ కార్లతో నడిచిన పోటీకే ఫార్ములా మారుతి అని పేరు. ఇంజనుకు స్పేర్లు కావాలంటే పక్క వీధి షాపుకు వెళ్తే చాలు. కుర్రాళ్లందరికీ ఒకే రకం కారు కాబట్టి ఎవడి సత్తా ఏమిటో అక్కడే తేలిపోయేది. మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద నరైన్ తొలి రేసు పరిగెత్తింది ఆ కారులోనే. మొదటి రేసులోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆ ఊరి పక్కనే చెట్టిపాళయంలో ఆయన పేరనే ఇవాళ రేసు ట్రాక్ ఉంది.

పరవాడ పాఠకులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫార్మాసిటీలో షిఫ్టు వదిలే వేళకు లంకెలపాలెం కూడలి దగ్గర కాసేపు నిలబడండి. లారీలకూ ట్యాంకర్లకూ మధ్య సందుల్లోంచి బైకులు దూసుకుపోతుంటాయి. ఇంటికెళ్లాక నాన్న "ఏటిరా ఆ దూకుడు?" అని కేకలేస్తాడు, కుర్రాడు తల దించుకుంటాడు. ఆ దూకుడుకు రోడ్డు మీద చోటు లేదు, సరే. మరి ఎక్కడుంది? ఆ శ్రీపెరుంబుదూరు ట్రాక్ ఇక్కణ్నుంచి సుమారు 800 కిలోమీటర్లు. గాజువాక ఆటోనగర్‌లో ఇంజను విప్పి బిగించే చేతులకు మాత్రం కొదవలేదు. మన దగ్గర లేనిది కుర్రాళ్లు కాదు, కరివర్ధన్.

సరే, కథలోకి వద్దాం.

1992లో నరైన్ ఫ్రాన్స్ వెళ్లి ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్లో చేరాడు. అక్కడ పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. వయసు పదిహేను. తర్వాత మజిలీ బ్రిటన్. ప్రపంచంలో ఎక్కడి కుర్రాడైనా రేసు డ్రైవరు కావాలనుకుంటే ఆ రోజుల్లో బ్రిటన్ దారి పట్టాల్సిందే. మెకానిక్కులు, జట్లు, ట్రాకులు అన్నీ అక్కడే. కింది మెట్టు ఫార్ములా ఫోర్డ్. దానికి రెక్కలుండవు, రోడ్డును పట్టుకునే బలం తక్కువ, కారును చేతులతోనే అదుపు చెయ్యాలి. దాని పైన ఫార్ములా ఓపెల్ లాంటివి. ఆ పైన ఫార్ములా త్రీ, సుమారు 200 గుర్రాల శక్తి. అక్కడ గెలిచినవాడి మీద ఫార్ములా వన్ జట్ల కన్ను పడుతుంది.

పక్కనే అదే దేశంలో ఇంకో ఆట ఉంది, స్పీడ్‌వే. బ్రేకులు లేని 500 సీసీ బైకులు, మిథనాల్ ఇంధనం, చిన్న మట్టి ట్రాక్ మీద నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు. వెనక చక్రాన్ని పక్కకు జార్చుకుంటూ మలుపులు తిరుగుతారు. అక్కడా మెట్లున్నాయి. అడుగున నేషనల్ డెవలప్‌మెంట్ లీగ్, మధ్యన చాంపియన్‌షిప్, పైన ప్రీమియర్‌షిప్. కానీ ఒక వెసులుబాటు ఉంది. కుర్ర రైడరు ఒకే సీజన్లో కింది లీగులో ఒక జట్టుకూ పై లీగులో ఇంకో జట్టుకూ ఆడొచ్చు. పైన దెబ్బ తింటే కింద కోలుకుంటాడు. కింద గెలిచిన ధైర్యంతో మళ్లీ పైకి వెళ్తాడు. తెచ్చిన పాయింట్లను బట్టి డబ్బు చేతికొస్తుంది. మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన టై వఫిండెన్ స్కన్‌థోర్ప్ లాంటి చిన్న జట్టులో మొదలుపెట్టి వుల్వర్‌హాంప్టన్ దాకా ఆ దారినే ఎక్కి వచ్చాడు.

కార్ల రేసుల్లో ఆ దయ లేదు. అక్కడ డ్రైవరుకు జట్టు డబ్బివ్వదు, జట్టుకు డ్రైవరే డబ్బు తేవాలి. సీటు కొనుక్కోవాలి. టైర్లు, ఇంజను మరమ్మతు, గుద్దితే విరిగిన రెక్క, అన్నీ అతని లెక్కలోనే.

1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ టైటిల్ నరైన్‌ది. యూరప్‌లో ఏ చాంపియన్‌షిప్ అయినా గెలిచిన తొలి భారతీయుడు అతనే. ఇంకెవరైనా అయితే మర్నాడే పై మెట్టు ఎక్కేసేవారు. ఇతను వెనక్కి వచ్చాడు. 1995లో ఫార్ములా ఏషియాలో కొన్ని రేసులు, 1996లో పూర్తి సీజను. ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయుడు, తొలి ఆసియా వాడు కూడా తనే. బ్రిటన్ వదిలి ఆసియాకు రావడం దిగిపోవడం కాదా అని అప్పట్లో అనిపించి ఉండొచ్చు. ఇప్పుడు చూస్తే అతను చేసిన తెలివైన పనుల్లో అదొకటి. ఏడాది పొడవునా గెలవడం, గెలుపు లెక్క నిలబెట్టుకోవడం అక్కడే నేర్చాడు.

1997లో మళ్లీ బ్రిటన్. ఫార్ములా ఓపెల్‌లో డానింగ్టన్ పార్క్‌లో పోల్ పొజిషన్, అంటే అందరికన్నా ముందు నిలిచి రేసు మొదలుపెట్టే చోటు సాధించి, రేసు కూడా గెలిచాడు. మొత్తం మీద ఆరో స్థానం. 1998లో ఫార్ములా త్రీ. పూర్తి సీజను కాదు, పది రౌండ్లే. చివరి రెండు రేసుల్లో, స్పా ఫ్రాంకోర్‌షాంలోనూ సిల్వర్‌స్టోన్‌లోనూ మూడో స్థానం. ఆ మరుసటేడే బ్రాండ్స్ హ్యాచ్ గెలుపులు, చాంపియన్‌షిప్‌లో ఆరో స్థానం.

ఆ 1999 పట్టికను కాస్త పరిశీలనగా చూడాలి. మార్క్ హైన్స్ చాంపియన్, లూసియానో బుర్తి రెండు. మూడో స్థానంలో జెన్సన్ బటన్ అనే ఇంగ్లిష్ కుర్రాడు. ఫార్ములా త్రీలో అతనికది మొదటి ఏడాది. ఆ చలికాలంలోనే బటన్‌కు విలియమ్స్ జట్టు నుంచి పిలుపొచ్చింది. 2000లో ఇరవై ఏళ్ల వయసులో ఫార్ములా వన్ గ్రిడ్డు మీద ఉన్నాడు. తర్వాత ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

నరైన్ అక్కడే ఉండిపోయాడు. 2000లో స్టీవర్ట్ జట్టుకు మారాడు. స్పాలో గెలిచాడు, కొరియా సూపర్ ప్రీ గెలిచాడు, మకావులో పోల్ పొజిషన్ సాధించాడు. చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం. అతనికి సరిగ్గా ఒక్క మెట్టు పైన, మూడో స్థానంలో, జపాన్ కుర్రాడు టకుమా సాటో.

2001 జూన్ 14. సిల్వర్‌స్టోన్. ఆకుపచ్చ జాగ్వార్ కారులో నరైన్ కూర్చున్నాడు. ఒక భారతీయుడు ఫార్ములా వన్ కారు నడపడం అదే మొదటిసారి. ఫార్ములా త్రీ నుంచి వచ్చినవాడికి మొదట ఆశ్చర్యపరిచేది వేగం కాదు, బ్రేకులు. మెడ ముందుకు విసిరినట్టు వెళ్లిపోతుంది. సెప్టెంబరు 14న అదే ట్రాక్ మీద జోర్డాన్ వాళ్లు పిలిచి కారు ఇచ్చారు. ఆ తర్వాత ఇటలీలోని ముజెల్లోలో జట్టు డ్రైవరు జాన్ అలెసీ వేగానికి అర సెకను తేడాలోకి వచ్చాడు. ఆ కారుకు కొత్తవాడికి అర సెకను తేడా అంటే సామాన్యం కాదు.

2002 సీజను మొదలయ్యేసరికి జోర్డాన్ సీటులో ఉన్నది సాటో. అతను 2001 బ్రిటిష్ ఫార్ములా త్రీ చాంపియన్, అందులో ఎవరికీ సందేహం లేదు. వెనక హోండా కంపెనీ ఉంది, జోర్డాన్ కారులో ఉన్నది హోండా ఇంజనే. నరైన్ వెనక ఏముంది? క్రికెట్ తప్ప మరో ఆటకు చెక్కు రాయడం అలవాటు లేని దేశం. 2003లో మినార్డి జట్టు పరీక్షకు పిలిచి, 2004కు సీటు ఇస్తామంది. కావలసిన డబ్బు కూడలేదు. సీటు పోయింది.

ఈ నాలుగేళ్ల గురించి రాయడానికి పెద్దగా ఘట్టాలు లేవు. అసలు కథ మాత్రం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. జపాన్‌లో ఫార్ములా నిప్పన్, తర్వాత నిస్సాన్ వరల్డ్ సిరీస్. ఏటా మళ్లీ మొదటినుంచి నిరూపణ. ఏడాదికేడాది వయసు పెరుగుతూ ఉంటుంది, గ్రిడ్డు మీద కుర్రాళ్ల వయసు తగ్గుతూ ఉంటుంది. 2004లో వాలెన్సియాలోనూ మాన్యీకూర్‌లోనూ గెలిచాడు. టాటాల అండ ఉంది. 2005 ఫిబ్రవరి 1న కబురు బయటికొచ్చింది. జోర్డాన్ జట్టులో సీటు. అప్పటికి వయసు ఇరవై ఎనిమిది. మార్చి 6న మెల్‌బోర్న్‌లో పన్నెండో స్థానం నుంచి మొదలుపెట్టి పదిహేనో స్థానంలో ముగించాడు.

ఇక జూన్ 19, ఇండియానాపోలిస్.

శుక్రవారం ప్రాక్టీసులో రాల్ఫ్ షూమాకర్ కారు వెనక టైరు పగిలి, పదమూడో మలుపులో గోడను గుద్దుకుంది. వాలుగా కట్టిన ఆ మలుపును తమ టైర్లు తట్టుకోలేవని మిషెలిన్ కంపెనీ తేల్చింది. మలుపు ముందు వేగం తగ్గించే అడ్డు కట్టమని జట్లు అడిగాయి. నిర్వాహక సంస్థ ఒప్పుకోలేదు. ఆదివారం ఇరవై కార్లూ వరసగా ఫార్మేషన్ ల్యాప్‌కు బయల్దేరాయి. చుట్టు చివర పద్నాలుగు కార్లు వరస తప్పి పిట్‌లోకి తిరిగాయి. స్టార్ట్ లైను మీద ఆరే మిగిలాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల మీద ఉన్న రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్‌లు, రెండు మినార్డిలు. గ్యాలరీల్లోంచి ఈలలు, తిట్లు, ట్రాక్ మీదికి సీసాలు.

డెబ్బై మూడు చుట్ల రేసది. ఎవరూ చూడదలచుకోని రేసు. నరైన్ తన పని తను చేశాడు. మైకేల్ షూమాకర్, బారికెల్లో, నరైన్ జట్టు మిత్రుడు టియాగో మాంటేరో, ఆ తర్వాత నాలుగో స్థానంలో అతనూ. ఐదు పాయింట్లు.

ఉచితంగా దొరికిన పాయింట్లని అన్నవాళ్లున్నారు. పద్నాలుగు కార్లు తప్పుకోవడం అతని గొప్ప కాదు, నిజమే. కానీ ఆ రోజు ఆ ఆరు కార్లలో ఒకదాంట్లో కూర్చుని ఉండటానికి శ్రీపెరుంబుదూరు నుంచి సిల్వర్‌స్టోన్ దాకా, అక్కణ్నుంచి జపాన్ దాకా తిరిగి రావలసి వచ్చింది. ఆ సీటు మాత్రం అతనికెవరూ ఉచితంగా ఇవ్వలేదు.

2010లో పద్మశ్రీ వచ్చింది. 2011లో మన గడ్డ మీద తొలి ఫార్ములా వన్ రేసు జరిగితే, నోయిడా దగ్గరి బుద్ధ్ ట్రాక్ మీద హిస్పానియా కారుతో పదిహేడో స్థానంలో ముగించాడు. తర్వాత కోయంబత్తూరులో డ్రైవ్‌ఎక్స్ పేరుతో పాత బైకులు కొని, బాగుచేసి అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. అతని తర్వాత ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మరో భారతీయుడు కరుణ్ చందోక్‌ పదకొండు రేసుల్లో పాల్గొన్నా పాయింటు దక్కలేదు. భారతీయ డ్రైవర్ల ఖాతాలో ఫార్ములా వన్ పాయింట్లు ఇప్పటికీ ఆ ఐదే.